నెలలు నిండని పాప, కారు సీటు, నెల్లూరు నుంచి సింగరాయకొండ దారి: ఒక కేసు

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఇంటికి పంపేటప్పుడు మేం డాక్టర్లం చాలా విషయాలు చెబుతాం. పాలు ఎన్ని గంటలకోసారి పట్టాలి, ఏ చుక్కలు ఎన్ని వేయాలి, టీకా ఎప్పుడు, కళ్ల పరీక్ష ఎప్పుడు. బిడ్డ ఏ బండిలో వెళ్తోంది, ఎవరి పక్కన, ఎలా వెళ్తోంది అన్నది మాత్రం చాలాచోట్ల ఎవరూ అడగరు. గేటు దాటాక అది ఇంటివాళ్ల సంగతి అనుకుంటాం. ఈ కేసు రాయాలనిపించింది అందుకే. ఈ కుటుంబం అశ్రద్ధ చేసిన కుటుంబం కాదు. డబ్బు పెట్టి సీటు కొన్నారు, అడిగినవన్నీ చేశారు. అయినా ఆ సీటును, ఆ సామానును మొదట అనుకున్నట్టే వాడి ఉంటే దారిలో బిడ్డకు ఊపిరి అందకపోయేది. బిడ్డను వార్డులోనే సీటులో పెట్టి మానిటర్ మీద చూడటం వల్ల ఆ సంగతి బయటపడింది.

తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

పాప సంగతి

తల్లికి 27 ఏళ్లు, తొలి కాన్పు. పుట్టిల్లు సింగరాయకొండ దగ్గర పల్లె, అత్తగారి ఊరు పొదిలి వైపు. భర్తకు చెన్నైలో ఉద్యోగం. బీపీ బాగా పెరిగిపోవడంతో 33 వారాలకే నెల్లూరులో ఆపరేషన్ చేసి బిడ్డను తీయాల్సి వచ్చింది. ఆడపిల్ల, 1.8 కిలోలు. మొదట్లో ఊపిరికి సీపాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) సాయం కావాల్సి వచ్చింది, తర్వాత పచ్చకామెర్లకు లైటు కింద పెట్టాం. ఈ వయసు బిడ్డల్లో ఊపిరిని నడిపించే మెదడు భాగం ఇంకా పూర్తిగా ఎదగదు. నిద్రలో ఉన్నట్టుండి ఊపిరి తీసుకోవడం ఆపేస్తారు. దాన్నే అప్నియా అంటాం. ఈ పాపకూ వచ్చింది. దానికి మందుగా కెఫీన్ ఇచ్చాం, తగ్గాక ఆపేశాం, ఆపిన తర్వాత వారానికి పైగా కనిపెట్టి ఉన్నాం. మళ్లీ రాలేదు.

ఇంటికి పంపాలనుకునే నాటికి గర్భం లెక్కలో 36 వారాలు నిండుతున్నాయి, బరువు 2.15 కిలోలు. ఉగ్గుగిన్నెతో పాలు తాగుతోంది, రొమ్ము కూడా పట్టుకుంటోంది. కాగితం మీద చూస్తే డిశ్చార్జికి అడ్డేమీ లేదు.

ఎలా తీసుకెళ్తారని అడిగితే ఇంట్లో నలుగురిదీ నాలుగు మాటలు. అమ్మమ్మ ముందు సీటులో కూర్చుని ఒళ్లో పెట్టుకుంటానంది, ఏసీ అక్కడ బాగా తగులుతుందని. తల్లి, వార్డులో మేం నేర్పిన కంగారూ పద్ధతిలోనే గుడ్డతో గుండెకు కట్టుకుని వెళ్లొచ్చా అని అడిగింది. మేనమామ తన కారు తెస్తానని, అరవై దాటకుండా నడుపుతానని చెప్పాడు. తండ్రి మాత్రం "సీటు కొనేశాను మేడం, ఇంక టెన్షన్ లేదు" అన్నాడు.

ఒళ్లో ఎందుకు కుదరదు

అమ్మమ్మ అడిగిన మాటకు జవాబు చెప్పకుండా ఏ సలహా ఇచ్చినా అది కారు ఎక్కేదాకే నిలుస్తుంది. ఆమె సూటిగానే అడిగింది. "ఇంతమంది పిల్లల్ని ఒళ్లో పెట్టుకునే బస్సుల్లో తిప్పాం డాక్టరమ్మా. అంత పసిగుడ్డుని అట్టా బెల్టులేసి కట్టేస్తే ఊపిరాడుద్దా?"

ఆమెకు లెక్కే చెప్పాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేన్నో గుద్దుకుని, ముందు భాగం నలిగి, అర మీటరులో ఆగిపోయిందనుకోండి. ఆ క్షణంలో లోపల ఉన్న ప్రతిదీ తన బరువుకు ఇరవై రెట్ల బలంతో ముందుకు దూకుతుంది. రెండు కిలోల పాప నలభై కిలోలు దాటుతుంది. ఇంచుమించు యూరియా బస్తా బరువు. వ్యవసాయం ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి ఆ బస్తా ఎంత ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. కన్ను మూసి తెరిచేలోపు అది చేతుల్లోంచి లాక్కుపోతుంటే ఆపగలిగే మనిషి ఉండడు. పైగా ఆమె బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది. వేగం 80కి పెరిగితే గుద్దుకునే శక్తి రెండున్నర రెట్లు అవుతుంది.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మరి ముందు సీటు?" అంది. ముందు ఎయిర్‌బ్యాగ్ గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగంతో బయటికి వస్తుంది. అది పెద్దవాళ్ల ఛాతీ కోసం చేసినది. ఒళ్లో ఉన్న బిడ్డకైనా, వెనక్కి తిప్పి పెట్టిన పిల్లల సీటుకైనా అది నేరుగా తగిలితే ప్రాణం పోతుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో వెనక్కి తిప్పిన పిల్లల సీటు పెట్టకూడదన్న హెచ్చరిక కొత్త కార్ల సన్‌వైజర్ మీద బొమ్మతో సహా ఉంటుంది. దాన్ని తండ్రికి చూపించాను.

కంగారూ పద్ధతి గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే దాన్ని నేర్పేది మేమే. వార్డులో, ఇంట్లో మంచం మీద అది మందు లాంటిదే. కదిలే కారులో మాత్రం తల్లి బెల్టుకీ తల్లికీ మధ్య బిడ్డ ఇరుక్కుంటుంది. బెల్టు బిడ్డ మీదుగా వెళ్తే బెల్టే నలిపేస్తుంది. బెల్టు లేకపోతే తల్లి బరువు నలిపేస్తుంది. ప్రయాణం ఆగినచోట కట్టుకోవచ్చు, కారు కదులుతుంటే వద్దు. ఆ తల్లి అడగబట్టి నాకూ అర్థమైంది, చెప్పకుండా పంపితే చాలామంది మంచిదనుకునే ఇదే పని చేస్తారని.

మేనమామ మాటలో తప్పేం లేదు, నెమ్మదిగా నడపడం మంచిదే. కానీ నెల్లూరు, ఒంగోలు మధ్య పదహారో నంబరు హైవే మీద తిరిగినవాళ్లకు తెలుసు. లైట్లు లేకుండా అంచున ఆపేసిన లారీలు, డివైడర్ సందుల్లోంచి ఎదురొచ్చే బైకులు, రాంగ్ రూట్లో ట్రాక్టర్లు, తెల్లవారుజామున రోడ్డు దాటే గేదెలు. వాటి వేగం, వాటి బుద్ధి మన చేతిలో ఉండవు.

చట్టం సంగతి కూడా ఒక ముక్క. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194బి సెక్షన్ చేర్చారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. ఆ జరిమానా ఎవరైనా వేశారా లేదా అన్నది పక్కన పెట్టండి, చట్టం పసిబిడ్డను కూడా లెక్కలోకి తీసుకుంది.

కొన్న సీటు ఎందుకు సరిపోలేదు

తండ్రి తెచ్చిన సీటు మంచి కంపెనీదే. డబ్బా మీద "పుట్టినప్పటి నుంచి 18 కిలోల వరకు" అని ఉంది. వార్డులో పాపను అందులో కూర్చోబెట్టి చూశాం. అన్నిటికన్నా కింది కంతలోంచి వచ్చే భుజం పట్టీ కూడా పాప చెవుల దగ్గర ఉంది. వెనక్కి తిరిగిన సీటులో భుజం పట్టీలు బిడ్డ భుజాలకు సరిగ్గా ఆ ఎత్తులోంచి గానీ, కొంచెం కిందినుంచి గానీ రావాలి. పైనుంచి వస్తే గుద్దుకున్నప్పుడు బిడ్డ పట్టీల కిందనుంచి పైకి జారిపోతుంది. మూడున్నర కిలోల బిడ్డకు ఆ సీటు బాగానే సరిపోతుందేమో. రెండు కిలోల బిడ్డకు కాదు.

అందుకని పసిపిల్లల క్యారియర్ సీటుకు మార్చమన్నాను, హ్యాండిల్ ఉండి చేత్తో పట్టుకెళ్లేది. బిడ్డ పొడవు 40 సెంటీమీటర్ల నుంచి అని రాసి ఉండాలి, చిన్న బిడ్డ కోసం లోపల వేసే మెత్త కంపెనీదే వచ్చి ఉండాలి, అడుగున నారింజ రంగు ఆమోదం స్టిక్కర్ మీద ఆర్ 44 గానీ ఆర్ 129 గానీ (పిల్లల సీట్ల అంతర్జాతీయ భద్రతా ప్రమాణాల నంబర్లు) ఉండాలి. చూడ్డానికి కారు సీటులా ఉండి ఏ ఆమోదమూ లేని ఊయల బుట్టలు బజార్లో బోలెడు దొరుకుతాయి. ఎవరో వాడేసిన సీటు ఇస్తామంటే, అది యాక్సిడెంట్‌లో ఉందో లేదో ఖాయంగా తెలిసిన సొంత మనుషుల దగ్గర మాత్రమే తీసుకోవాలి. ఈ నాన్న చెన్నైలో స్నేహితుడి చేత తెప్పించాడు.

వార్డులో పరీక్ష

37 వారాల లోపు పుట్టిన బిడ్డను ఇంటికి పంపే ముందు కారు సీటులో కూర్చోబెట్టి గంటన్నర నుంచి రెండు గంటల దాకా, లేదా ప్రయాణం ఎంతసేపైతే అంతసేపు, గుండె, ఊపిరి, ఆక్సిజన్ చూడమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఏనాటి నుంచో చెబుతోంది. దీనికి కావాల్సిన మానిటర్ ప్రతి నవజాత శిశు విభాగంలోనూ ఉంటుంది. కావాల్సింది ఒక నర్సు, ఒక బల్ల, కొంచెం ఓపిక.

పసిబిడ్డకు తల పెద్దది, ఒంటి పొడవులో నాలుగో వంతు దాకా ఉంటుంది. మెడ కండరాలకు దాన్ని నిలబెట్టే బలం ఉండదు. సీటు మరీ నిటారుగా ఉంటే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది. గాలిగొట్టం మెత్తగా, సన్నగా ఉండేసరికి ఆ మడతకే మూసుకుపోతుంది. బిడ్డ ఏడవదు, గింజుకోదు. నిద్రపోయినట్టే ఉంటుంది. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే.

సీటును బల్ల మీద పెట్టి, వాలు సరిచూసుకోవడానికి దాని పక్కన గీసి ఉన్న గీత నేలకు సమంగా ఉండేలా చూసి, పాపను కట్టి మానిటర్ పెట్టాం. అరగంట దాకా ఆక్సిజన్ 96, 97 శాతం. తర్వాత ఉన్నట్టుండి 84కి పడి అక్కడే ఆగింది. అలారం మోగింది. నర్సు గడ్డం పైకెత్తగానే రంగు, అంకె రెండూ తిరిగొచ్చాయి. బిడ్డను బయటికి తీసి చూస్తే తల వెనక ఆవాల దిండు. తల గుండ్రంగా రావాలని అమ్మమ్మ కుట్టి తెచ్చింది. తల ఒక పక్కకి ఒరిగినట్టుందని, ఎవరూ చూడనప్పుడు మెల్లగా పెట్టిందట. వేలెడు మందం కూడా లేని దిండు. ఆ వేలెడు ఎత్తే తలను ముందుకు నెట్టి, గడ్డాన్ని ఛాతీ మీదికి తెచ్చింది.

ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. మానిటర్ మీద ఏం జరిగిందో చూపించాం, అంతే. నేను పదిసార్లు చెప్పినా కలగని నమ్మకం ఆ 84 అంకె కలిగించింది.

ఆ రోజుకు ఆపేశాం. ఒకసారి పడ్డాక కనీసం ఒక రోజు ఆగి మళ్లీ చూడాలి. మరుసటి రోజు తల వెనక ఏమీ లేకుండా, ఒంటికి రెండు పక్కలా భుజం నుంచి తుంటి దాకా పలచటి గుడ్డలు చుట్టి పెట్టాం. కాళ్ల మధ్య పట్టీకీ డైపరుకీ నడుమ చిన్న గుడ్డ చుట్ట పెట్టాం, కిందికి జారకుండా. రెండు గంటలు. ఒక్కసారీ 92 కిందికి దిగలేదు, గుండె వేగమూ పడలేదు.

కారులో మళ్లీ కోణం

వార్డులో సరిపోయిందని వదిలేస్తే సగం పనే అయినట్టు. కారు వెనక సీటు చదునుగా ఉండదు, ఆనుకునే వైపుకు పల్లంగా ఉంటుంది. వెనక్కి తిప్పి పెట్టిన పిల్లల సీటులో బిడ్డ కాళ్లు ఆ పల్లం వైపు ఉంటాయి. దాంతో కాళ్లు దిగి, తల లేచి, సీటు మొత్తం నిటారు అవుతుంది. తండ్రి కారులో బిగించి ఫోన్‌లో కోణం కొలిస్తే, ఉండాల్సిన 45 డిగ్రీల దగ్గర లేదు, బాగా నిలబడి ఉంది. కంపెనీ పుస్తకంలో అనుమతి ఉందో లేదో చూసి, సీటూ వెనకదిండూ కలిసే మూలలో టవల్ గట్టిగా చుట్టి పెట్టాం. గీత మళ్లీ నేలకు సమమైంది.

మేనమామ కారు కూడా చూసి వద్దన్నాం. కారణం అది పాతదని కాదు. దాని వెనక బెల్టుల్లో ఒకటి బిగుసుకోవడం లేదు, లాగితే లాగినట్టే వస్తోంది. ఐసోఫిక్స్ కొక్కేలు (పిల్లల సీటును నేరుగా కారుకే తగిలించేవి) లేకపోయినా మూడు చోట్ల పట్టే బెల్టు బాగుంటే చాలు, క్యారియర్ సీటు దానితోనే బిగుస్తుంది. బెల్టు వెళ్లే చోట పట్టుకుని ఊపితే అటూ ఇటూ అంగుళం మించి కదలకూడదు. సొంత కారు లేని కుటుంబాలకు కూడా నేను చెప్పేది ఇదే. కిరాయి కారు మాట్లాడుకునేటప్పుడు ఏసీ ఉందా అని అడిగినట్టే, వెనక బెల్టులు పనిచేస్తాయా అని అడగండి. చాలామంది డ్రైవర్లు బెల్టు బకిల్‌ను సీటు కవర్ కింద దోపేసి ఉంచుతారు. ముందురోజే తీయించి పెట్టాలి. నాలుగైదు వేలకు దొరికే సీటును అక్కచెల్లెళ్ల మధ్య, స్నేహితుల మధ్య మార్చుకుని వాడుకోవచ్చు. రోజుల బిడ్డను బైకు మీద మాత్రం ఏ కారణానికీ తీసుకెళ్లవద్దు.

ప్రయాణం

రోహిణి కార్తె ఎండలు. మధ్యాహ్నం బిల్లులన్నీ కట్టి బయల్దేరితే ఎండలో ఆపిన కారు ఎక్కాల్సి వస్తుంది. ఎండలో నిలిపిన కారులో పది నిమిషాల్లోనే పది డిగ్రీలు పెరుగుతుంది, బకిల్ ఇనుము బిడ్డ ఒంటికి వాత పెడుతుంది. అందుకని బిల్లు ముందురోజు సాయంత్రమే కట్టించాం. పంచాంగంలో వర్జ్యం లేని టైము కూడా పొద్దున్నే వచ్చింది, అమ్మమ్మకు సంతోషం. కారు ముందే చల్లబరిచి, పాపను పలచటి జుబ్బాతో పడుకోబెట్టి, పట్టీలు బిగించి, పైన పలచటి దుప్పటి కప్పారు. భుజం దగ్గర పట్టీని వేళ్లతో పట్టుకుంటే మడత రాకూడదు, అంత బిగువుండాలి. సీటు మీద చీర కప్పి మూసేయవద్దని ప్రత్యేకంగా చెప్పాను. గాలీ ఆడదు, బిడ్డ ముఖమూ కనబడదు.

తల్లి వెనక సీటులో పాప పక్కన. ఆపరేషన్ కుట్లున్నాయి కదా, బెల్టు కింది పట్టీ పొట్ట మీదుగా కాకుండా తుంటి ఎముకల మీదుగా. అమ్మమ్మ ముందు, బెల్టుతో. స్టీలు క్యారేజీ, బిందె, ఫ్లాస్కు అన్నీ డిక్కీలోకి. వెనక అద్దం దగ్గర అరుగు మీద ఏదీ పెట్టకూడదు. గట్టి వస్తువు ఏదైనా బ్రేకు వేస్తే నేరుగా పసిబిడ్డ మీదికే వస్తుంది.

మామూలు బిడ్డలకు సీటులో ఒక్క దఫా రెండు గంటలు మించవద్దంటారు. ఈ పాపకు నేను ముప్పావు గంటకోసారి ఆపమన్నాను, రోడ్డు అంచున కాదు, పెట్రోల్ బంకులోనో హోటల్ దగ్గరో. కావలికి ముందోసారి, ముసునూరు టోల్‌గేట్ దాటాక ఇంకోసారి ఆగారు. బయటికి తీసి, పాలు పట్టి, పొట్టా పాదాలూ తడిమి చూశారు. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే బిడ్డకు చలేస్తోందని, ఏసీ తగ్గించాలని నేర్పాం. దారిలో ఏమీ జరగలేదు.

తర్వాత

34 వారాల లోపు పుట్టినవాళ్లకు నెల నిండేలోపు కంటి రెటీనా పరీక్ష తప్పనిసరి. కాబట్టి కొద్దిరోజులకే పాప మళ్లీ నెల్లూరు రావాల్సి వచ్చింది. నెలలు నిండని బిడ్డలకు ఈ తిరుగుడు చాలానే ఉంటుంది, అందుకే ఇంటికి పంపే ఒక్క రోజు సర్దుబాటుతో సరిపోదు. పరీక్ష అయ్యాక నేను పార్కింగ్‌కి దిగి చూశాను. పాత చీరలతో కుట్టిన బొంతలో పాపను చుట్టి, దాని మీద పట్టీలు వేశారు, ఏసీకి చలేస్తుందని. పైకి బిగువుగానే ఉంది. బొంత తీసేసి అదే పొడవులో పట్టీలు పెడితే నా చెయ్యి మొత్తం లోపలికి దూరింది. గుద్దుకుంటే బొంత నలుగుతుంది, ఆ సందులోంచి బిడ్డ వచ్చేస్తుంది. ముందు పట్టీలు, పైన బొంత. ఈసారి సరిచేసింది అమ్మమ్మే. పట్టీ పట్టుకుని మడత వస్తుందేమో చూసి, కూతురికి చూపించింది.

ఐదో నెలలో సారెతో అత్తగారింటికి పంపారు. ఒంగోలు, చీమకుర్తి మీదుగా పొదిలి, గ్రానైట్ రాళ్ల లారీలతో పాటు నడవాల్సిన రోడ్డు. సారె సామానును, ఇత్తడి బిందెలను వేరే ఆటోలో పంపామని తండ్రి ఫోన్ చేసి చెప్పాడు. వీడియోలో సీటు గీత చూపించి అడిగాడు, సరిగానే ఉంది.

మా వార్డులో డిశ్చార్జి కాగితంలో ఇప్పుడు ఒక వరస చేర్చాం: ఏ బండి, ఏ సీటు, సీటులో ఎంతసేపు చూశాం. అది నింపకుండా నెలలు నిండని బిడ్డ బయటికి వెళ్లదు.

పాపకు ఇప్పుడు ఎనిమిది నెలలు, ఏడు కిలోలు. కాళ్లు వెనకదిండుకు తగిలి మడుచుకుంటోందని, సీటు ముందుకు తిప్పేద్దామా అని ఈమధ్య అడిగారు. వద్దన్నాను. కాళ్లు మడుచుకుంటే బిడ్డకు ఇబ్బంది లేదు, పిల్లలు అలా కూర్చోవడమే ఇష్టపడతారు. ముందుకు తిరిగి ఉన్నప్పుడు కారు గుద్దుకుంటే పెద్ద తల ముందుకు విసిరేసినట్టు వెళ్లి, బరువంతా ఇంకా గట్టిపడని మెడ వెన్నుపూస మీద పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే వీపు, తల, మెడ మూడూ కలిసి సీటు గుల్లకు ఆనుతాయి. తల పైభాగానికీ గుల్ల అంచుకీ మధ్య అంగుళం సందు ఉన్నంతకాలం ఇదే సీటు. ఆ సందు నిండితే వెనక్కి తిప్పే పెద్ద సీటు. 15 నెలలు దాటేదాకా ముందుకు తిప్పే ఆలోచనే వద్దని, ఆ తర్వాత కూడా సీటు మీద రాసిన బరువు, ఎత్తు వచ్చేదాకా వెనక్కే ఉంచమని చెప్పాను. వచ్చే నెల చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఎత్తు కొలిచి, పెద్ద సీటు ఏది కొనాలో అప్పుడు చూస్తాం.